డ్రైవర్ మార్చే ముందు లోపం ఎక్కడుందో తేల్చాలి

సంపాదకులకు నమస్కారాలు.

ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడల్లా బొమ్మ మీద నల్లటి గళ్లు పడుతున్నాయని, ఒక్కోసారి ప్రోగ్రామ్ దానంతటదే మూసుకుపోతోందని ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు మీ సాంకేతిక పేజీలో వచ్చిన జవాబు చదివాను. ‘గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌ను అప్‌డేట్ చేసుకోండి’ అని అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది. (తెర మీది బొమ్మలను లెక్కించే భాగం గ్రాఫిక్స్ కార్డు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ డ్రైవర్.) ఆ సలహా తప్పని నేను అనడం లేదు. కానీ ఏళ్ల తరబడి రోజంతా ఫొటోలు దిద్దడమే పనిగా ఉన్న నాకు తెలిసినంతలో, ఆ ఒక్క మాట పట్టుకుని ముందుకెళ్లినవాళ్లలో కొందరికి సమస్య తీరుతుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది, మరికొందరికి అంతకుముందు లేని చిక్కు కొత్తగా మొదలవుతుంది. నేను ఆ మూడో కోవకు చెందినవాణ్ణి కాబట్టి, ఇదే ఇబ్బందిలో ఉన్న ఇతర పాఠకులకు పనికొస్తుందన్న ఆశతో ఈ ఉత్తరం కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా అనుభవం చెబుతాను. ఒక పోర్ట్రెయిట్ తాలూకు ‘రా’ ఫైలు (కెమెరా దిద్దకుండా ఇచ్చే అసలు ఫైలు) తెరిచి, కనురెప్పల దగ్గర షార్ప్‌నెస్ ఎలా ఉందో చూద్దామని నూరు శాతానికి జూమ్ చేశాను. కుడివైపు చెవి కనిపించాల్సిన చోట అరచేతి వెడల్పున నల్లటి దీర్ఘచతురస్రం ఒకటి కనిపించింది. బొమ్మను కాస్త పక్కకు జరిపితే అది మాయమై, భుజం దగ్గర మళ్లీ తేలింది. జూమ్ తగ్గిస్తే లేదు, పెంచితే ఉంది. అప్పటికి నాకు తెలిసిన సలహా కూడా అదొక్కటే కాబట్టి, తయారీదారు సైటులో ఉన్నవాటిలో అన్నిటికన్నా కొత్త డ్రైవర్ తెచ్చి పెట్టుకున్నాను. నల్లటి గడి పోలేదు సరికదా, ఫొటోలను ఎక్స్‌పోర్ట్ చేస్తుండగా (అంటే దిద్దిన ఫొటోను ఇతరులకు పంపే ఫైలుగా తీస్తుండగా) సగంలో ప్రోగ్రామ్ మూసుకుపోవడం కూడా మొదలైంది. కార్డే చెడిపోయిందనుకుని, ఉన్నదానికన్నా పెద్ద కార్డు కొని బిగించాను. ఆ సాయంత్రమే, అదే ఫొటోలో, అదే చెవి దగ్గర మళ్లీ ఆ నల్లటి గడి కనిపించినప్పుడు నాకు కలిగిన నిస్పృహ ఇంకా గుర్తుంది.

కంప్యూటర్లు బాగుచేసే మిత్రుడొకరు అప్పుడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ‘ప్రోగ్రామ్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపేసి చూశావా?’ అని. బొమ్మల లెక్కలను కార్డుకు అప్పగించే ఏర్పాటు అది. చూడలేదు. ఆపగానే గడి మాయమైంది. ‘ఇది ఏ రోజు నుంచి?’ అన్నది అతని రెండో ప్రశ్న. కంప్యూటర్‌లో ఏ తేదీన ఏ మార్పు జరిగిందో చూపించే పట్టిక తెరిచి చూస్తే, గడి మొదటిసారి కనిపించిన రోజుకు ముందు రాత్రి, కార్డుతో పాటు వచ్చిన సహాయక ప్రోగ్రామ్ నన్ను అడగకుండానే కొత్త డ్రైవర్‌ను తెచ్చి పెట్టుకున్నట్టు తేలింది. అంతకు ముందరి వెర్షన్‌కు వెనక్కి వెళ్లగానే రెండు సమస్యలూ పోయాయి. అనుమానం తీరక, పక్కన పెట్టిన పాత కార్డును మళ్లీ బిగించి అదే పాత డ్రైవర్‌తో వారం రోజులు పని చేశాను. అందులోనూ ఏ దోషమూ లేదు. నేను అవసరం లేని కార్డు కొన్నాను, రెండు వారాల పని పోగొట్టుకున్నాను. మొదటి రోజే ఆ రెండు ప్రశ్నలూ వేసుకుని ఉంటే అరగంటలో తేలిపోయే విషయం అది.

డ్రైవర్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పి ముందుకెళతాను. ఎడిటింగ్ ప్రోగ్రామ్ ‘ఈ బొమ్మలో నీడలను ఇంత వెలిగించు’ అని అడుగుతుంది. ఆ కోరికను ఫలానా కార్డులోని చిప్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌నే డ్రైవర్ అంటారు. 6000 నిలువు వరుసలు, 4000 అడ్డు వరుసలు ఉన్న ఫొటోలో 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగులు, ఒక్కో రంగుకు 16 బిట్లు చొప్పున లెక్క వేస్తే, ఒక్క పొరకే (లేయర్‌కే) 144 మెగాబైట్లు కావాలి. స్లైడర్‌ను కాస్త జరిపినప్పుడల్లా ఇన్ని పిక్సెళ్లనూ మళ్లీ లెక్కించాలి. కొద్ది కోర్‌లు (లెక్కలు చేసే భాగాలు) మాత్రమే ఉండే మామూలు ప్రాసెసర్ కన్నా, వందలూ వేలూ చిన్న కోర్‌లు ఒకేసారి పని చేసే గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఇలాంటి పనిని ఎంతో త్వరగా ముగిస్తుంది. అందుకే ఫొటో సాఫ్ట్‌వేర్లు దాని మీద ఆధారపడటం మొదలుపెట్టాయి.

పాఠకులు గమనించాల్సిన మార్పు ఇక్కడే ఉంది. 2008లో ఫొటోషాప్ సీఎస్4 గ్రాఫిక్స్ కార్డును వాడుకోవడం మొదలుపెట్టినప్పుడు అది ప్రధానంగా తెర మీద బొమ్మను నున్నగా జూమ్ చేయడానికి, తిప్పడానికి, జరపడానికి పనికొచ్చింది. 2015లో లైట్‌రూమ్ అనే మరో ఫొటో ప్రోగ్రామ్ కూడా అదే దారి పట్టింది. ఆ తరువాత 2022లో లైట్‌రూమ్ క్లాసిక్ ఫొటోలను ఎక్స్‌పోర్ట్ చేసే పనిని సైతం కార్డుకు అప్పగించే వీలు తెచ్చింది. 2023లో అందులో చేరిన, కృత్రిమ మేధతో నాయిస్ (ఫొటోలోని గరుకు చుక్కలు) తీసే పని కార్డు లేకపోతే చాలా నెమ్మదిగా సాగుతుంది. అంటే ఒకప్పుడు డ్రైవర్‌లో లోపం ఉంటే తెర మీది దృశ్యం మాత్రమే చెదిరేది, ఇప్పుడు అదే లోపం మనం ఇతరులకు పంపే తుది ఫైలులోకి కూడా చొరబడవచ్చు. తెర మీద శుభ్రంగా కనిపించిన ఫొటో ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఒక మూల పట్టీలు పట్టీలుగా చెదిరి ఉండటం, లేదా తెర మీద పాడైనట్టు కనిపించింది ఫైలులో నిక్షేపంగా ఉండటం, రెండూ జరిగే అవకాశం ఉంది.

కాబట్టి మొదటి పని డ్రైవర్ మార్చడం కాదు, లోపం ఏ దశలో పుడుతోందో తేల్చడం. ఇందుకు మూడు పరీక్షలున్నాయి, మూడింటికీ ఖర్చు లేదు. లోపం కనిపిస్తున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మను ఫోనులోనో మరో కంప్యూటర్‌లోనో తెరిచి చూడాలి. అందులో లోపం కనిపిస్తే అది కంప్యూటర్ లోపల పుట్టింది. కనిపించకపోతే బొమ్మ కంప్యూటర్‌లో సరిగ్గానే ఉందనీ, మానిటర్‌కు వెళ్లే దారిలోనో, మానిటర్‌లోనో, లేదా కార్డు నుంచి సంకేతం బయటికి వెళ్లే చోటనో చిక్కు ఉందనీ అర్థం. అప్పుడు చూడాల్సింది ముందుగా కేబుల్‌ను. కేబుల్ సరిగా బిగించకపోవడం వల్ల తెర రెప్పలార్చినట్టు ఆరి వెలుగుతుంటే, అది తెలియక డ్రైవర్ల మీద డ్రైవర్లు మార్చినవాళ్లను నేను చూశాను.

రెండో పరీక్ష ఎక్స్‌పోర్ట్. అదే ఫొటోను జేపెగ్‌గా తీసి వేరే పరికరంలో చూడాలి. ఫైలు బాగుంటే సమస్య చూపించే దశలో ఉంది, పనికి ఆటంకమే తప్ప ఫొటోకు ప్రమాదం లేదు. ఫైలులో కూడా లోపం ఉంటే మాత్రం, ఆ సమస్య తేలేదాకా ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతి ఫొటోనూ కంటితో చూసుకోకుండా ఎవరికీ పంపకూడదు. రా ఫైలు మీద చేసే మార్పులు అసలు ఫైలును తాకవు, సూచనలుగా మాత్రమే భద్రమవుతాయి కాబట్టి, లోపం సరిచేశాక మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే సరిపోతుంది. పొరలున్న ఫైలును లోపంతోనే సేవ్ చేసుకుంటే ఆ వెసులుబాటు ఉండకపోవచ్చు. అందుకని అనుమానం వచ్చిన క్షణం నుంచి పాత ఫైలు మీద సేవ్ చేయకుండా కొత్త పేరుతో చేసుకోవడం మంచిది.

మూడోదే నా మిత్రుడు అడిగిన ప్రశ్న. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లోని పెర్ఫార్మెన్స్ విభాగంలో ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ అన్న టిక్కు పెట్టే గడి ఉంటుంది, లైట్‌రూమ్ క్లాసిక్‌లోనూ అదే పేరున్న విభాగంలో దాన్ని ఆపే వీలుంది. డార్క్‌టేబుల్ అనే ఉచిత ఫొటో ప్రోగ్రామ్ వాడేవాళ్లు ప్రిఫరెన్సెస్‌లోని ప్రాసెసింగ్ విభాగంలో ఓపెన్‌సీఎల్‌ను (కార్డుతో లెక్కలు చేయించే ఏర్పాటును) ఆపవచ్చు. ఆపి, ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరిచి, అదే ఫొటోలో అదే చోట అదే జూమ్‌తో చూడాలి. లోపం పోతే అది గ్రాఫిక్స్ దారిలో ఉన్నట్టు. పోకపోతే డ్రైవర్‌ను మార్చి ప్రయోజనం లేదు. ఫైలే పాడైందేమో, ప్రోగ్రామ్ సెట్టింగుల ఫైలు చెడిందేమో, మానిటర్ రంగుల ప్రొఫైల్ (ఆ మానిటర్ రంగులను ఎలా చూపుతుందో చెప్పే ఫైలు) దెబ్బతిందేమో చూడాలి. ముఖ్యంగా ఫొటోలన్నీ పసుపు తిరిగినట్టో, నీడలన్నీ ముద్దకట్టినట్టో కనిపిస్తుంటే నా అనుమానం ముందు ప్రొఫైల్ మీదికే వెళుతుంది. మామూలు ఫొటో వ్యూయర్‌లో సవ్యంగా కనిపించిన బొమ్మ ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో మాత్రమే రంగు మారడం తరచుగా ప్రొఫైల్ వల్లనే జరుగుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. యాక్సిలరేషన్ ఆపితే లోపం పోయింది కదా అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. అది పరీక్షే కానీ పరిష్కారం కాదు. అలా వదిలేస్తే ప్రతి స్లైడర్ బరువుగా కదులుతుంది, బ్రష్ గీసిన గీత చెయ్యి దాటిపోయాక తెర మీద పడుతుంది, గ్రాఫిక్స్ ప్రాసెసర్ తప్పనిసరైన కొన్ని ఫీచర్లు అసలు తెరుచుకోవు. కార్డు ఉండీ లేనట్టే అవుతుంది. లోపం డ్రైవర్ వైపుందని తేలాక అసలు పని మొదలవుతుంది.

ఆ పనిలో మొదటి మెట్టు, ఇప్పుడున్న వెర్షన్ సంఖ్యను కాగితం మీద రాసుకోవడం. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు వెళ్లామో తెలియకపోతే వెనక్కి రావడానికి దారి ఉండదు. ఎన్‌విడియా కార్డులున్నవాళ్లు ఇక్కడ తరచూ తికమక పడతారు, ఎందుకంటే విండోస్ డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్ భాగాల జాబితాలో) కనిపించే సంఖ్యకూ తయారీదారు చెప్పే సంఖ్యకూ పోలిక ఉన్నట్టే అనిపించదు. ఉదాహరణకు డివైస్ మేనేజర్‌లో 31.0.15.3623 అని ఉంటే, చుక్కలు తీసేసి చివరి ఐదంకెలు తీసుకోవాలి: 53623. అందులో మూడో అంకె తరువాత చుక్క పెడితే 536.23, అదే తయారీదారు సైటులో కనిపించే వెర్షన్. ఈ కిటుకు తెలియక, తమ దగ్గర ఉన్నదే మళ్లీ దించుకుని పెట్టుకున్నవాళ్లు, తమది చాలా కొత్తదనుకుని పాతదాంతోనే ఉండిపోయినవాళ్లు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు. ఫొటోషాప్‌లో హెల్ప్ మెనూలోని సిస్టమ్ ఇన్ఫో తెరిచినా కార్డు పేరు, డ్రైవర్ వివరాలు ఒకేచోట దొరుకుతాయి.

రెండో మెట్టు తేదీలు. నా మిత్రుడు తెరిచి చూపించిన పట్టికలాంటిది విండోస్‌లో రిలయబిలిటీ మానిటర్ పేరుతో ఉంటుంది. స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ’ అని వెతికితే వస్తుంది. రోజుకో నిలువు గడి, ప్రోగ్రామ్ కూలిన రోజున ఎర్రటి గుర్తు, కొత్తగా ఏదైనా పెట్టుకున్న రోజున నీలం గుర్తు. ఎర్రటి గుర్తులు ఎప్పటి నుంచి మొదలయ్యాయో చూసి, వాటికి సరిగ్గా ముందున్న నీలం గుర్తు మీద నొక్కితే ఆ రోజు ఏం మారిందో పేరుతో సహా కనిపిస్తుంది. మారింది డ్రైవర్ కావచ్చు, విండోస్ కావచ్చు, ఎడిటింగ్ ప్రోగ్రామే కావచ్చు. ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వచ్చిన రోజు నుంచే ఎర్రగుర్తులు మొదలైతే, డ్రైవర్ పాతబడి కొత్త ప్రోగ్రామ్‌కు చాలకపోవడమే కారణం కావచ్చు, అప్పుడు మీ పత్రిక ఇచ్చిన సలహా నూటికి నూరుపాళ్లూ సరైనదే. కానీ ఆ రోజు మారింది డ్రైవరే అయితే, దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లడం కన్నా ఒక అడుగు వెనక్కి తీసుకురావడమే తెలివైన పని.

వెనక్కి తేవడానికి డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద కార్డు పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌కు వెళితే ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ అన్న బటన్ ఉంటుంది. అంతకు ముందరి డ్రైవర్ కంప్యూటర్‌లో మిగిలి ఉంటేనే అది పని చేస్తుంది, లేకపోతే మసకగా ఉండి నొక్కుడు పడదు. అలాంటప్పుడు తయారీదారు సైటు నుంచి పాత వెర్షన్ దించుకోవాలి. ఒక డ్రైవర్ మీద మరొకటి పెట్టుకుంటూ పోయినప్పుడు పాతవాటి అవశేషాలు మిగిలి చిక్కు పెట్టే సందర్భాలూ ఉన్నాయి, ముఖ్యంగా ఒక కంపెనీ కార్డు తీసి మరో కంపెనీ కార్డు పెట్టినప్పుడు. అప్పుడు డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాధనంతో, కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైనవి మాత్రమే నడిచే స్థితిలో) తెరిచి, పాతవన్నీ తుడిచేసి కొత్తగా పెట్టుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆ పని చేసేటప్పుడు ఇంటర్నెట్ కనెక్షన్ తీసేయాలి, ఎందుకంటే డ్రైవర్ లేని కార్డును చూడగానే విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్నదాన్ని తెచ్చి పెట్టేస్తుంది, మనం పెట్టదలచుకున్నది పెట్టేలోపే మరొకటి కూర్చుంటుంది. పెట్టదలచుకున్న డ్రైవర్‌ను ముందే దించుకుని ఉంచుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

ల్యాప్‌టాప్ వాడేవాళ్ల సంగతి కొంచెం వేరు. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే చిన్న గ్రాఫిక్స్ ఒకటి, విడిగా ఉండే పెద్ద కార్డు ఒకటి, రెండూ ఉంటాయి. ఎడిటింగ్ ప్రోగ్రామ్ పెద్ద కార్డును వదిలేసి చిన్నదాంతో నడుస్తూ ఉంటే, పెద్ద కార్డు డ్రైవర్‌ను ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. 2018 నుంచి విండోస్ 10లోనే, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద గ్రాఫిక్స్ విభాగంలో, ఏ ప్రోగ్రామ్ ఏ కార్డును వాడాలో విడివిడిగా చెప్పే వీలుంది. ఎడిటింగ్ ప్రోగ్రామ్‌ను అక్కడ చేర్చి ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకోవాలి. పరీక్షించేటప్పుడు ఛార్జర్ పెట్టి ఉంచాలి, బ్యాటరీ మీద నడిచేటప్పుడు కార్డు తన వేగాన్ని తగ్గించుకుంటుంది. ఇంకో సంగతి: ల్యాప్‌టాప్ తయారీదారులు తమ యంత్రాలకు తగ్గట్టు డ్రైవర్‌ను సవరించి ఇస్తుంటారు. చిప్ తయారీదారు ఇచ్చే సాధారణ డ్రైవర్‌తో చిక్కు వస్తే ల్యాప్‌టాప్ తయారీదారు సైటులో ఉన్నది పెట్టి చూడటం మంచిది. తేదీ చూస్తే అది పాతదే కావచ్చు, అయినా ఆ యంత్రానికి సరిపడేది అదే కావచ్చు.

‘డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆగిపోయి, మళ్లీ కోలుకుంది’ అన్న అర్థం వచ్చే సందేశాన్ని చూసి భయపడేవాళ్ల కోసం ఒక వివరణ. విండోస్ విస్టా నుంచి ఉన్న ఏర్పాటు అది. గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చిన పని మామూలుగా 2 సెకన్లలో ముగియక, మధ్యలో ఆపడానికీ కార్డు ఒప్పుకోకపోతే, అది మొండికేసిందని విండోస్ భావించి డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగి వస్తుంది. ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఆ దెబ్బకు తట్టుకుంటే కొనసాగుతుంది, లేకపోతే మూసుకుపోతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ రాసుకునే సంఘటనల చిట్టాలో) ఇది 4101 అనే సంఖ్యతో నమోదవుతుంది. పెద్ద ఫొటోకు నాయిస్ తీయడంలాంటి బరువైన పని చేసేటప్పుడు మాత్రమే ఇది కనిపిస్తుంటే, లోపం డ్రైవర్‌ది కాకుండా పని భారానిది కూడా కావచ్చు. వెనక వీడియోలు ఆడుతున్న బ్రౌజర్లు, మరో ఎడిటింగ్ ప్రోగ్రామ్ తెరిచి ఉంటే అవి కూడా కార్డు మెమరీలో వాటా తీసుకుంటాయి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ కింద కార్డు మెమరీ ఎంత నిండిందో చూసి, మిగతావన్నీ మూసి మళ్లీ ప్రయత్నించాలి. ఆ 2 సెకన్ల గడువును రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టికలో) పెంచుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. డ్రైవర్లు రాసేవాళ్ల పరీక్షల కోసమే ఆ సెట్టింగులు ఉన్నాయని మైక్రోసాఫ్ట్ తన పత్రాల్లో చెబుతోంది కాబట్టి, మామూలు వాడుకరులు వాటి జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. తెర నల్లబడి తిరిగి రాకపోతే మాత్రం విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను ఒకేసారి నొక్కి చూడవచ్చు. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, తెర తిరిగి వస్తే తెరిచి ఉన్న పని సేవ్ చేసుకునే అవకాశం దొరకవచ్చు.

కొత్త డ్రైవరే మంచి డ్రైవర్ అన్న నమ్మకం ఆటల ప్రపంచం నుంచి వచ్చింది. కొత్త ఆట విడుదలైన రోజునే దానికి తగిన డ్రైవర్ రావాలన్న తొందర అక్కడ సహజం. ఫొటోలు దిద్దేవాళ్లకు ఆ తొందర లేదు, నిలకడ కావాలి. ఎన్‌విడియా 2019 నుంచి ‘స్టూడియో’ పేరుతో వేరే డ్రైవర్లు ఇస్తోంది. ఆటలకిచ్చే ‘గేమ్ రెడీ’ కన్నా ఇవి తక్కువసార్లు వస్తాయి, ఫొటో, వీడియో ప్రోగ్రాములతో పరీక్షించాక వస్తాయి. కార్డులు చేసే మరో కంపెనీ ఏఎమ్‌డీ తన డ్రైవర్లలో కొన్నిటిని ‘రికమెండెడ్’ అని, కొన్నిటిని ‘ఆప్షనల్’ అని గుర్తు పెడుతుంది. ఆటలు ఆడని కంప్యూటర్‌లో స్టూడియో, రికమెండెడ్ రకాలకే పరిమితం కావడం, సహాయక ప్రోగ్రామ్‌లో దానంతటదే అప్‌డేట్ చేసే వీలుంటే ఆపేయడం, ఒప్పుకున్న పని మధ్యలో ఉండగా దేన్నీ మార్చకపోవడం, ఈ మూడు పద్ధతులూ నాకు కలిసొచ్చాయి. భద్రతా లోపాలను పూడ్చే డ్రైవర్లు కూడా వస్తుంటాయి కాబట్టి ఎప్పటికీ మార్చకూడదని నేను చెప్పను. చేతిలో పని లేని రోజున, పాత వెర్షన్ సంఖ్య రాసుకుని, దాని ఇన్‌స్టాలర్‌ను భద్రంగా ఉంచుకుని మార్చాలన్నదే నా మాట.

మ్యాక్ కంప్యూటర్లలో డ్రైవర్ విడిగా రాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే వస్తుంది. అక్కడ చూడాల్సింది ఎడిటింగ్ ప్రోగ్రామ్ వెర్షన్, సిస్టమ్ వెర్షన్ ఒకదానికొకటి పొసుగుతున్నాయా అని. లినక్స్‌లో కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) అప్‌డేట్ అయినప్పుడు దానికి జతపడే ఎన్‌విడియా డ్రైవర్ మాడ్యూల్ మళ్లీ తయారు కాకపోతే, కంప్యూటర్ మామూలుగానే తెరుచుకున్నా డార్క్‌టేబుల్ మాత్రం చడీచప్పుడు లేకుండా ప్రాసెసర్ మీదికి మారిపోయి నత్తనడక నడుస్తుంది. డార్క్‌టేబుల్‌తో పాటు వచ్చే ‘డార్క్‌టేబుల్-సీఎల్‌టెస్ట్’ అనే ఆదేశాన్ని టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ఇస్తే, కార్డు దానికి కనిపిస్తోందో లేదో తెలుస్తుంది.

ఇంత చెప్పాక కూడా, తప్పు డ్రైవర్‌దీ కార్డుదీ కాని సందర్భం ఒకటి గుర్తు చేయాలి. ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నిటిలో వోల్టేజీ సమస్య వల్ల ప్రోగ్రాములు కూలినప్పుడు, చాలామందికి తెర మీద కనిపించింది ‘వీడియో మెమరీ చాలలేదు’ అన్న సందేశం. సహజంగానే జనం కార్డును అనుమానించారు, డ్రైవర్లు మార్చారు. అసలు లోపం ప్రాసెసర్‌లో ఉందని తేలి, 2024 ఆగస్టులో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణ ఇచ్చింది. సందేశంలో ఉన్న మాటను బట్టి దోషిని నిర్ణయించకూడదని దీన్ని బట్టి తెలుస్తుంది. రెండు మూడు వేర్వేరు డ్రైవర్ వెర్షన్లతోనూ లోపం ఒకే తీరుగా ఉంటే, కార్డు వేడెక్కుతోందా, ఫ్యాన్లలో దుమ్ము పేరుకుందా, పవర్ సప్లై చాలినంత ఇస్తోందా, ర్యామ్ బాగుందా అన్నవి చూసే వేళ అయినట్టే. ఫొటో సాఫ్ట్‌వేర్‌లోనే కాక ఆటల్లోనూ వీడియోల్లోనూ గీతలూ చుక్కలూ కనిపిస్తుంటే హార్డ్‌వేర్ మీద అనుమానం ఇంకా బలపడుతుంది.

సంపాదకులకు నా విన్నపం ఒకటుంది. ఇలాంటి ప్రశ్నలకు మీ పేజీలో జవాబిచ్చే ముందు, పాఠకుణ్ణి మూడు విషయాలు రాయమని అడిగితే బాగుంటుంది: యాక్సిలరేషన్ ఆపితే లోపం పోతోందా, లోపం స్క్రీన్‌షాట్‌లోనూ ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులోనూ కనిపిస్తోందా, ఇది మొదలైన రోజుకు ముందు కంప్యూటర్‌లో ఏం మారింది. ఈ మూడింటికీ జవాబులు, కార్డు పేరు, డ్రైవర్ సంఖ్య చేతిలో ఉంటే మీ నిపుణులు ఇచ్చే సలహా ఆ పాఠకుడి యంత్రానికి సరిగ్గా సరిపోతుంది. ప్రశ్నలు పంపే చిరునామా పక్కన ఈ మూడు వాక్యాలూ అచ్చువేయడానికి నాలుగు వరుసల స్థలం చాలు.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లనూ, కార్డులు తయారుచేసేవాళ్లనూ కూడా ఈ ఉత్తరం ద్వారా ఒక మాట అడగదలచాను. ‘గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లో ఒక సమస్య ఎదురైంది, డ్రైవర్‌ను అప్‌డేట్ చేయండి’ అన్న సందేశం మాకు దారి చూపడం లేదు. ఏ పని చేస్తుండగా, ఏ వెర్షన్‌తో, మెమరీ చాలకనా గడువు మించా అన్నది ఆ ప్రోగ్రామ్‌కు చాలాసార్లు తెలిసే ఉంటుంది. తెలిసినంత వరకు తెర మీద రాయడం కష్టం కాదు. అలాగే సహాయక ప్రోగ్రామ్ డ్రైవర్‌ను మార్చే ముందు మమ్మల్ని అడగాలి, మార్చాక పాతదానికి తిరిగి వెళ్లే బటన్‌ను ఆ తెర మీదే పెట్టాలి. ఆ బటన్ నా కంటికి కనిపించి ఉంటే నేను రెండో కార్డు కొని ఉండేవాణ్ణి కాదు.

మీ పేజీలో ప్రశ్న అడిగిన పాఠకుడు ఇంకా కొత్త డ్రైవర్ పెట్టుకోకపోతే, ముందు ఆ యాక్సిలరేషన్‌ను ఆపేసి, అదే ఫొటో మళ్లీ తెరిచి చూడమని నా తరఫున దయచేసి తెలియజేయండి.

భవదీయుడు,
ఫొటోలు దిద్దే వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు